పొత్తిగుడ్డల డబ్బా

పోయిన వారం మనం ఈశ్వరిని హిందూపురంలో, సులోచనమ్మ గారింటి వెనక పెరట్లో, చేతిలో ఒక మురికి గుడ్డతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అట్లాగే నిలబడి ఉంది. ఐదు రోజులకొకసారి వచ్చే కుళాయి నీళ్లు ఆ పొద్దున ఆరున్నరకు వచ్చాయి. ముప్పై ఎనిమిది రోజుల పసివాడి పొత్తిగుడ్డలు, ఐదు రోజులవి, మూత బిగించిన పెయింటు డబ్బాలో పేరుకుని ఉన్నాయి. నానబెట్టడానికని మూత తీసి, అన్నిటికన్నా పైనున్న గుడ్డను చేతిలోకి తీసుకుంది. దాని మీది మరక రోజూ ఉండే రంగులో లేదు. కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

లోపలికి పరుగెత్తి, చాప మీది పిల్లవాణ్ణి వాకిట్లో వెలుతురులోకి తెచ్చి చూసింది. రెండు రోజులుగా వాడి ఏడుపు తగ్గిందని, బాగా నిద్రపోతున్నాడని ఇంట్లో అందరూ సంతోషించారు. ఇప్పుడు చూస్తే పెదాలు పాలిపోయి ఉన్నాయి. కంటి తెల్లగుడ్లు పచ్చగా ఉన్నాయి. రొమ్ము నోటికి అందిస్తే చప్పరించే ఓపిక కూడా లేదు. ఆ పచ్చదనం ఈశ్వరికి కొత్త కాదు. మూడేళ్ల కిందట ధర్మవరంలో, పుట్టింట్లో, మొదటి కొడుకు ఇట్లాగే పచ్చబడి ఇరవై రెండో రోజున పోయాడు. ఆ భయంతోనే వీడికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. చిన్నోడు అంటారు, అంతే.

పిల్లవాణ్ణి తల్లి లక్ష్మీదేవమ్మ చేతికిచ్చి, ఆ మురికి గుడ్డను ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి చేతపట్టుకుంది. డాక్టరుకు చూపించాలి కదా. కుళాయి ధారగా పోతూనే ఉంది. నీళ్ల రోజున కుళాయి కట్టేయకుండా బయటికి పరుగెత్తిన ఆడమనిషిని ఆ వీధి అంతవరకు చూసి ఉండదు. ఆటోలో కూర్చున్నాక భర్త నాగేష్‌కు ఫోన్ చేసింది. అతను ఊరి బయట గార్మెంట్ కంపెనీలో పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. ఇంటికి పోయి, ట్రంకుపెట్టెలో ఉన్న ఉతికిన గుడ్డలు నాలుగు తీసుకుని ఆసుపత్రికి రమ్మంది. ఈ ఫోన్ మాట మీరు గుర్తుపెట్టుకోండి. ఆమె మాత్రం మరిచిపోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ల కోసం ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. సులోచనమ్మ భర్త సుబ్బారావుకు బజారులో బట్టలంగడి ఉంది. ఇంటి వెనక రెండు గదులు నాగేష్ దంపతులకు బాడుగకిచ్చారు. అంగట్లో కొన్న డైపర్లు వేస్తే పిల్లవాడి తొడలు ఎర్రగా ఒరుసుకుపోయాయి. దాంతో పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసుకున్నారు. రోజుకు పదిహేను, ఇరవై గుడ్డలు తడుస్తాయి. కుళాయి రాని రోజుల్లో సంపులోంచి బాడుగ వాటాకు దక్కేది రోజుకు నాలుగు బిందెల నీళ్లు. వంటకూ, తాగడానికీ, బాలింత స్నానానికీ అవే. అందుకని గుడ్డలన్నీ నీళ్ల రోజు దాకా ఆ డబ్బాలో ఆగాల్సిందే.

ఈశ్వరి తెలివిగల పిల్ల. మలం అంటిన గుడ్డను అప్పటికప్పుడు మరుగుదొడ్లో విదిలించి, ఒక్క చెంబు నీళ్లతో జాడించి, పిండి, గోడ మీద ఆరేసేది. ఉచ్చ గుడ్డలను కూడా తడి ఆరాకే డబ్బాలో వేసేది. మూత గట్టిగా బిగిస్తే గుడ్డలు లోపల ఉడికినట్టయి కంపు రెట్టింపవుతుందని నాలుగు రోజుల్లోనే కనిపెట్టి, మేకుతో మూతకు బెజ్జాలు పొడిచింది. అడుగున పొయ్యి బూడిద, మధ్యలో వేపాకు, పైన వంటసోడా. చలికాలమైతే ఈ పద్ధతితో నెట్టుకొచ్చేదే. కానీ ఎండలు ముదిరాయి. మూడో రోజుకే డబ్బా పక్కన నిలబడితే కళ్లు మండేవి.

సులోచనమ్మ చెడ్డమనిషి కాదు, కానీ ముక్కు మహా చురుకైనది. ఆమె వంటింటి కిటికీ సరిగ్గా డబ్బాకు ఎదురుగా ఉంది. మొదట కిటికీలో అగరొత్తులు వెలిగించింది. తరువాత కిటికీ మూసుకుంది. ఆ తరువాత నాగేష్‌ను పిలిచి, ఉగాదిలోగా వేరే ఇల్లు చూసుకోమని మెత్తగానే చెప్పింది. పసిబిడ్డను ఎత్తుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఎవరిస్తారు, ఆ డబ్బా ఎక్కడికి పోయినా వెంటే వస్తుంది కదా అని ఈశ్వరి ఏడ్చింది.

ఆ ఏడుపు చూడలేక లక్ష్మీదేవమ్మ కొంగు బిగించింది. ఏం చేసిందో ఎవరికీ చెప్పలేదు. బెజ్జాల మూత పారేసి, బెజ్జాలు లేని గట్టి మూత ఎక్కడినుంచో తెచ్చి బిగించింది. అంతవరకు వెదురుబుట్టలో ఉండే ఉతికిన గుడ్డలను కూడా తన ట్రంకుపెట్టెలోకి మార్చింది. మరునాటికి పెరట్లో కంపు లేదు. సులోచనమ్మ బయటికి వచ్చి గాలి పీల్చి చూసి, మా అంగట్లో బీరువా తెరిచినట్టుంది ఇప్పుడు, ఇట్లా ఉంటే మీరు ఎన్నేళ్లున్నా నాకు అభ్యంతరం లేదని చెప్పి పోయింది. ఈశ్వరికీ ఆ వాసన నచ్చింది. అది ఆమె పుట్టింటి వాసన, పెళ్లిచీర వాసన; తల్లి పెట్టె నుంచి అంటిందే అనుకుంది. ఉతికిన గుడ్డను వాడికి చుట్టే ముందు ఒకసారి ముక్కుకు ఆనించుకునేది కూడా. ఇదంతా పది రోజుల కిందటి మాట.

ఇక ఆసుపత్రికి వద్దాం.

డాక్టర్ రంజితకు ముప్పై ఏళ్లుంటాయేమో. పిల్లవాణ్ణి చూడగానే మాటలు తగ్గించి పని పెంచింది. మడమలో గుచ్చి రక్తం తీయించింది, లోపలి గదిలో నీలం లైటు కింద పడుకోబెట్టించింది. అప్పుడు వచ్చి, గుడ్డ తెచ్చామన్నారు కదా, ఏదీ అని అడిగింది. కవరు ముడి విప్పగానే పక్కనున్న ఆయా మొహం తిప్పుకుంది. రంజిత తిప్పుకోలేదు. మరకను కిటికీ వెలుతురులో చూసి, ఆ గుడ్డను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. చదువుకున్న మనిషి ఒకరు మురికి పొత్తిగుడ్డను వాసన చూడడం ఈశ్వరి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆమెకు సిగ్గేసింది.

“దీంట్లో ఉచ్చ వాసన ఒక్కటే కాదు. గుడ్డలు దాచే దాంట్లో ఏం వేస్తున్నారు?” అంది రంజిత.

ఈశ్వరి బూడిద చెప్పింది, వేపాకు చెప్పింది, వంటసోడా చెప్పింది. రంజిత తల అడ్డంగా ఊపింది. ఈశ్వరి తల్లి వైపు తిరిగింది. లక్ష్మీదేవమ్మ గోడకు ఆనుకుని, దాచడానికి ఏముందన్నట్టు మామూలుగానే చెప్పింది.

“కలరా ఉండలు మేడం. కంపు కొడతాందని ఇల్లు ఖాళీ చేయమనిరి. మేము పట్టుచీరల్లో వేసేవే, కొత్తవేం కాదు.”

మురికి గుడ్డల్లోనేనా అని డాక్టరు అడిగింది. చాలీచాలని నీళ్లలో ఉతికితే గుడ్డకు ఉచ్చ వాసన పూర్తిగా పోదు కదా, అందుకని ఉతికిన వాటి మడతల్లో కూడా వేశానని లక్ష్మీదేవమ్మ ఒప్పుకుంది. ఎన్ని వేశావంటే గుప్పెడు అంది.

రంజిత కుర్చీ లాక్కుని కూర్చుని, చిన్నపిల్లలకు పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పింది. కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుంది. అది తల్లి వైపు నుంచి వస్తుంది, తల్లికి తెలియను కూడా తెలియదు. అట్లాంటి బిడ్డకు ఈ ఉండల వాసన పడదు. చర్మానికి తగిలినా, ముక్కుకు తగిలినా రక్తకణాలు పగిలిపోతాయి. పగిలిన రక్తమే ఆ మరక. పరీక్ష ఫలితం వస్తే గానీ ఖాయంగా చెప్పలేను కానీ, నాకు అనుమానం అదే అంది. ఒంట్లో రక్తం మూడో వంతు కూడా మిగల్లేదు. పచ్చదనం మెదడుకెక్కే లోపల రక్తం మార్చాలి. అది ఇక్కడ కాదు, అనంతపురం పెద్దాసుపత్రిలో. అంబులెన్సు పిలిపిస్తున్నాను, ఈ లోపల ఆ వాసన ఉన్న దారప్పోగు కూడా బిడ్డ దగ్గరికి రాకూడదు అంది. భయం లేదని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఈశ్వరి ఆ మాట కోసమే ఎదురుచూస్తూ ఉండిపోయింది.

లేచి పోతూ పోతూ డాక్టరు, ఇంతకుముందు మగపిల్లలెవరికైనా ఇట్లా అయిందా అని అడిగింది. ఈశ్వరి చెప్పింది. రంజిత చీటీ మీద ఏదో రాసుకుని, అప్పటిది ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా అని, కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయింది.

వరండాలో తల్లీ కూతుళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పదిన్నర ఎండ కాళ్ల దాకా వచ్చింది. ఈశ్వరి తల్లి వైపు తిరిగింది.

“మొదటోనికి గుడ్డలు యాడివమ్మా?”

లక్ష్మీదేవమ్మకు వినబడింది. వినబడనట్టు గేటు వైపు చూసింది. ఈశ్వరి మళ్లీ అడిగింది, గొంతు పెంచకుండానే.

“ఆ పెట్టెలోవే,” అంది తల్లి.

వాళ్లలో పుట్టిన బిడ్డకు కొత్తగుడ్డ వేయరు. అవ్వ కట్టి కట్టి మెత్తబడిన చీరే మొదటి గుడ్డ. లక్ష్మీదేవమ్మ చీరలన్నీ ఆ ట్రంకుపెట్టెలోనే ఉండేవి, భర్త చంద్రప్ప మగ్గం మీద నుంచి దించిన పట్టుచీరల పక్కనే. పురుగు ఒక్క చోట కొరికితే ఇరవై రోజుల నేత బూడిదపాలు. కాబట్టి ఆ ఇంట్లో ఉప్పు అయిపోయినా పరవాలేదు గానీ కలరా ఉండలు అయిపోకూడదు. నెలనెలా అరిగిపోయినవి తీసి కొత్తవి వేయడం పెళ్లయిన రోజు నుంచి లక్ష్మీదేవమ్మ పనే. మొదటి మనవడు పుట్టినప్పుడు ఆ పెట్టెలోంచి తీసిన చీరలనే చింపి, ఉతికి, మళ్లీ ఆ పెట్టెలోనే మడతపెట్టి, ఒక్కొక్కటి తీసి చుట్టింది. వాడు పోయాక ఈశ్వరి అత్తగారు తిప్పమ్మ, ధర్మవరం ఇల్లు అచ్చిరాలేదు, రెండో పురుడు అక్కడ వద్దని ఖరాఖండిగా చెప్పింది. అందుకే ఈసారి లక్ష్మీదేవమ్మే హిందూపురం వచ్చింది. ఇల్లు మారింది, పెట్టె మాత్రం ఆమె నెత్తిన బస్సెక్కి వెంటే వచ్చింది.

తిప్పమ్మ ఇంకో మాట కూడా అంది. కోడలి పాలలోనే విషం ఉందంది. అన్నది ఒకసారే, కానీ ఈశ్వరి మూడేళ్లూ ప్రతిరోజూ విన్నది. ఈ పిల్లవాడు పుట్టాక, ఎవరూ చూడకుండా తన పాలను తానే వేలితో నాలుక మీద వేసుకుని రుచి చూసింది. చేదుగా ఉందో లేదో తెలియక మళ్లీ చూసింది.

“మూడేండ్లు నా పాలే విషమనుకుంటి గదమ్మా.”

లక్ష్మీదేవమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఆ మాట తిప్పమ్మ అన్న రోజున ఈమె కూడా అక్కడే ఉంది. వియ్యపురాలితో నోటికొచ్చినట్టు పోట్లాడి, నా బిడ్డ పాలు అమృతమని కులదేవత చౌడమ్మ మీద ఒట్టు పెట్టింది. ఒట్టు నిజమే.

“పట్టును కాపాడేది బిడ్డను కాపాడదా అనుకుంటి పాపా. నాకు తెలిసినేది అదొక్కటే.”

ఈశ్వరికి తల్లి మీద కోపం వచ్చింది. గొంతు పట్టుకుని ఊపేయాలన్నంత కోపం. అదే క్షణంలో ఆ ముడతల చేతులు చూసి జాలీ వేసింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆమెకు కాస్త సులువయ్యేది. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాలేదు. లక్ష్మీదేవమ్మే కూతురి మోకాలి మీద చెయ్యి వేసి, అల్లునికి ఇప్పుడే చెప్పొద్దని బతిమాలింది. బిడ్డ గట్టెక్కినాక తానే చెప్తానంది. ఇప్పుడు చెప్తే నన్ను వాని దగ్గరికి రానీడు పాపా అంది. ఈశ్వరి ఆ చేతిని మెల్లగా పక్కకు తీసింది.

వాళ్లిద్దరూ ఇట్లా కూర్చున్న సమయంలోనే నాగేష్ వెనక గేటు నుంచి లోపలి గదికి వచ్చాడు. కంపెనీ చొక్కా చెమటకు తడిసి ఉంది. డాక్టరు ఫోన్లో అనంతపురం వాళ్లతో మాట్లాడుతూ ఉంది. పంపించడానికని అప్పుడే లైటు కింద నుంచి తీసిన పిల్లవాడు ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉన్నాడు. నాగేష్ సంచిలోంచి గుడ్డలు తీసి, అత్త లక్ష్మీదేవమ్మ నేర్పినట్టే కాళ్లు చేతులు కదలకుండా గట్టిగా చుట్టాడు. ఒకటి చాలదేమోనని రెండోది కూడా చుట్టాడు. ఈ సంగతేమీ తెలియని ఇంకో ఆయా వచ్చి పైన ఆసుపత్రి ఆకుపచ్చ దుప్పటి కప్పింది. మంచి తండ్రి చేయాల్సిన పనే చేశాడు. అతనికి ఎవరు చెప్పారు కనుక?

అంబులెన్సు రావడానికి ముప్పావు గంట పట్టింది. లక్ష్మీదేవమ్మను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. వెనక ఆక్సిజన్ చూసే మనిషి, ఈశ్వరి, ఒళ్లో పిల్లవాడితో నాగేష్. బండి సోమందేపల్లి దాటింది. రోడ్డు పక్క అంగళ్ల వాళ్లు సైరన్ విని తలెత్తి, మళ్లీ తమ పనిలో పడ్డారు. పిల్లవాడు ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని ఈశ్వరి దేవుళ్లందరికీ మొక్కింది. ఊపిరి ఆడుతోందో లేదోనని వంగి, వాడి నుదుటికి చెంప ఆనించింది.

ఆ వాసన వచ్చింది.

మొదట తన చేతులకే అంటుకుందేమో అనుకుంది. చేతులు చూసుకుంది. తరువాత ఆకుపచ్చ దుప్పటి పక్కకు లాగింది. లోపల నీలం పూల అంచు, తల్లి పాతచీర ముక్క. దాని కింద ఇంకొకటి. వాళ్లిద్దరూ వరండాలో కూర్చుని ఎవరి తప్పు ఎంతని తేల్చుకుంటున్నంతసేపూ, అది వాడి ఒంటికి చుట్టుకునే ఉంది. గంట దాటింది.

ఈశ్వరి రెండు గుడ్డలనూ ఊడలాగి, కిటికీ సందులోంచి రోడ్డు మీదకు విసిరేసి, పిల్లవాణ్ణి తన ఒళ్లోకి లాక్కుని కొంగులో చుట్టుకుంది. ఆక్సిజన్ మనిషి గొట్టం ఊడకుండా పట్టుకున్నాడు. ఏమైందో నాగేష్‌కు అర్థం కాలేదు.

“ఉతికిన గుడ్డలే గదా. ఏముండాది దాంట్లో?”

ఆమె చెప్పింది. కలరా ఉండలని, అవి వీడి రక్తానికి పడవని, ఆ మరక అందుకేనని, డాక్టరమ్మ చెప్పినంతా చెప్పింది. అతను అంతా విని ఒక్కటే అడిగాడు.

“ఎవరేసినారు?”

డ్రైవరు వెనక సగం తెరిచిన చిన్న అద్దపు కిటికీలోంచి లక్ష్మీదేవమ్మ సిగముడి కనబడుతోంది. అది కదలలేదు. ఎదురుగా పెనుకొండ కొండ దగ్గరికి వస్తోంది. ఈశ్వరి ఆ సిగముడినే చూస్తూ జవాబు చెప్పింది.

“నేనే.”

ఎందుకట్లా చెప్పిందో ఆమెకే తెలియదు. మూడేళ్లు మోసిన నింద కదా, ఇంకొంత దూరం మోయగలను అనుకుందేమో.

నాగేష్ కొట్టలేదు, తిట్టలేదు. పిల్లవాణ్ణి చుట్టిన తన చేతులు రెండింటినీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. బండి పెనుకొండ దాటుతుండగా తలెత్తాడు.

“ఈ వాసన నాకు తెలుసు. ధర్మవరంలో ఆ పొద్దు మొదటోన్ని గుంతలో పెట్టినేది నేనే గదా. వానికి చుట్టిన గుడ్డకూ ఇదే వాసన.” ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. “వానికీ నువ్వేనా?”

అద్దం అవతల సిగముడి కదిలింది. లక్ష్మీదేవమ్మ వెనక్కి తిరిగింది. చెప్పొద్దని ఈశ్వరి తల అడ్డంగా ఊపింది. తల్లి అప్పటికే నోరు తెరిచింది.